మూడేళ్లు ఫీజు కట్టి నేర్చుకున్న పని

క్యాంపస్ సెలక్షన్లు అయిపోయాయి. లిస్టులో మీ పేరు లేదు. ‘ఏమైంది’ అని అడగడం ఇంట్లోవాళ్లు కూడా మానేశారు. పక్కింటి అబ్బాయి ఎంఎస్‌కి వెళ్తున్నాడు. వాళ్ల నాన్న ఉన్న రెండెకరాలూ బ్యాంకులో పెట్టి లోను తెచ్చాడు. మీకేమో ఒక ఫ్యాక్టరీ నుంచి ఏడాది పాటు అప్రెంటిస్‌గా చేరమని కబురు వచ్చింది. జీతం కాదు, స్టైపెండ్. ఆ డబ్బు హాస్టల్ అద్దెకూ మెస్‌కూ చాలితే గొప్ప. చేరాలా, మంచి ఉద్యోగం వచ్చేదాకా ఆగాలా? బీటెక్ చదివి అప్రెంటిసా అని చుట్టాలు నవ్వుతారేమోనన్న బెంగ ఒకటి లోపల ఉండనే ఉంటుంది.

ఈ ప్రశ్నకు ఇవాళ మేం నేరుగా జవాబు చెప్పబోవడం లేదు. ఒక మనిషి జీవితం చెబుతాం. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడూ కాదు. జర్మనీలో పుట్టి, అమెరికాలో రాకీ పర్వతాల అడుగున ఉన్న చిన్న ఊళ్లో బీరు తయారుచేసి బతికాడు. పేరు అడాల్ఫ్ కూర్స్. బీరు అనగానే ఇంట్లో పెద్దవాళ్లు పేపరు మడిచేయక్కర్లేదు. తాగడం గురించి మేం ఒక్క మాటా చెప్పం. పని నేర్చుకోవడం గురించే చెబుతాం.

ఈయన కథను చాలామంది రెండు వాక్యాల్లో ముగిస్తుంటారు. దొంగతనంగా ఓడెక్కి చేతిలో చిల్లిగవ్వ లేకుండా అమెరికా వచ్చాడు, అయిదేళ్లలో సొంత కంపెనీ పెట్టాడు అని. మోటివేషన్ క్లాసుల్లో ఇలాంటివి వినీ వినీ మీకు విసుగొచ్చి ఉంటుంది. మాకూ వచ్చింది. ఆ రెండు వాక్యాలూ అబద్ధం కావు. కానీ అసలు సంగతి వాటికి ముందు గడిచిన ఏళ్లలో ఉంది. దాన్ని ఎవరూ చెప్పరు, చప్పట్లు కొట్టించే విషయం కాదు గనక.

అడాల్ఫ్ 1847 ఫిబ్రవరి 4న బార్మెన్ అనే పట్టణంలో పుట్టాడు. అప్పట్లో అది ప్రష్యా రాజ్యంలోది, ఇప్పుడు వుపర్టాల్ నగరంలో కలిసిపోయింది. ఇంటిపేరు కూర్స్ అనే పలికినా అక్షరాలు వేరు. అమెరికా వెళ్లాక కాగితాల్లో రాతలు మారుతూ వచ్చి, చివరికి మనం చూసే స్పెల్లింగు దగ్గర స్థిరపడింది. టెన్త్ మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఇంటిపేరు పడి అఫిడవిట్ల కోసం తిరిగినవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు.

పదమూడేళ్లకే పనిలో పెట్టారు. 1860 నవంబరులో రూరార్ట్ అనే ఊళ్లో పుస్తకాలూ స్టేషనరీ అమ్మే కొట్లో చేరాడు. ఏడాదిన్నర పైగా చేశాడు. 1862 ఏప్రిల్లో తల్లి పోయింది. కుటుంబం డోర్ట్‌మండ్‌కు మారింది. ఆ జులైలో అక్కడి వెంకర్ బ్రూవరీలో అప్రెంటిస్‌గా పేరు రాయించుకున్నాడు, మూడేళ్లకు. నవంబరులో తండ్రి పోయాడు. రెండు చావుల మధ్య ఎనిమిది నెలలు కూడా లేవు. కుర్రాడికి పదిహేనేళ్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అప్రెంటిస్‌కు స్టైపెండ్ సంగతి దేవుడెరుగు, పని నేర్పినందుకు యజమానే ఫీజు తీసుకునేవాడు. తల్లీ తండ్రీ లేని పిల్లాడు ఫీజు ఎక్కణ్నుంచి తెస్తాడు? ఆ బ్రూవరీలోనే లెక్కలు రాసే పని చేసి తన ఫీజు తానే తీర్చుకున్నాడు. కొట్లో పనిచేసినవాడు కదా, చిట్టా రాయడం కొంత తెలిసే ఉంటుంది. అలా ఒకే చోట రెండు విద్యలు అబ్బాయి. ఒకటి బీరు తయారీ. రెండోది ఆ తయారీలో ఎక్కడ పైసా పోతుందో, ఎక్కడ వస్తుందో చూసే కన్ను. మొదటిది నేర్చుకోవాలనే వెళ్లాడు. రెండోది పేదరికం నేర్పింది.

బార్లీ, నీళ్లు, మంచు

ఆయన నేర్చుకున్న పని ఏమిటో కాస్త వివరంగా తెలుసుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

మనింట్లో రాగిమాల్ట్ ఎలా చేస్తారు? రాగులు నానబెడతారు, గుడ్డలో కట్టి మొలకెత్తిస్తారు, ఎండబెట్టి, వేయించి పొడిచేస్తారు. బార్లీని అలా చేస్తే అదే మాల్ట్. మొలకెత్తినప్పుడు గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆ మాల్ట్‌ను దంచి వేడినీళ్లలో కలిపితే తియ్యటి రసం దిగుతుంది. దానిలో హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. చెప్పడానికి ఇంతే.

చేయడం దగ్గరే కష్టం. మొలక ఒక రోజు ఎక్కువైతే గింజలోని సారం పోతుంది. ఎండబెట్టే వేడి ఎక్కువైతే రంగూ రుచీ మారతాయి. జర్మన్లు చేసే లాగర్ రకం బీరులో ఇంకో కష్టం ఉంది. దాని ఈస్ట్ చలిలోనే సరిగా పనిచేస్తుంది. పులిసిన తర్వాత కూడా వారాలు, నెలల తరబడి నేలమాళిగల్లో, దాదాపు మంచు చల్లదనంలో నిల్వ ఉంచాలి. జర్మన్‌లో లాగర్ అంటేనే నిల్వ అని అర్థం. మన అమ్మమ్మలు దోసెపిండి ఎండాకాలం ఇన్ని గంటలు, చలికాలం ఇన్ని గంటలు అని చేత్తో తాకి చెప్పేవారు. ఆ లెక్కే వందల పీపాలకు తప్పకుండా వేయాలి. యంత్రంతో చల్లబరిచే ఏర్పాట్లు అప్పటికింకా వాడుకలోకి రాలేదు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును రంపాలతో కోసి, రంపపు పొట్టులో కప్పి, వేసవి దాకా దాచుకునేవారు.

అప్రెంటిస్ రోజంతా చేసేది ఆ మొలకల్ని పారతో తిరగేయడం, పీపాలు కడగడం, బస్తాలు మోయడం. పుస్తకంలో లేని విద్య అక్కడే ఉంది. ఏ వాసన వస్తే సరుకు పాడైనట్టో, నీళ్లు మారితే రుచి ఎలా మారుతుందో పీపాల మధ్య తిరిగినవాడికే తెలుస్తుంది.

మూడేళ్లూ అయ్యాక వెంటనే ఎటూ పోలేదు. అదే బ్రూవరీలో ఇంకో రెండేళ్లు జీతానికి చేశాడు. 1867 మే తర్వాత కాసెల్, బెర్లిన్, ఉయెల్జెన్ ఊళ్లలోని బ్రూవరీల్లో తిరుగుతూ పనిచేశాడు. చేతిపని నేర్చినవాడు ఊరూరూ తిరిగి వేర్వేరు యజమానుల దగ్గర పనిచేయడం అప్పటి జర్మనీలో ఆనవాయితీ. ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి. మనలో కొందరు రెజ్యూమెలో రెండు కంపెనీలు కనిపిస్తేనే జంపింగ్ అని భయపడతారు. ఏం నేర్చుకున్నావని అడిగితే చెప్పగలిగినంత కాలం ఆ భయం అక్కర్లేదు.

ఓడ సంగతి

1868 తొలినాళ్లలో హాంబర్గ్ రేవులో టికెట్టు లేకుండా న్యూయార్క్ ఓడ ఎక్కి దాక్కున్నాడు. మధ్యలో దొరికిపోయాడు. దిగాక పనిచేసి ఛార్జీ కడతానంటే ఒప్పుకున్నారు. అలాగే కట్టాడు.

దీన్ని సాహసమని మెచ్చుకునేవాళ్లున్నారు. మేం మాత్రం ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. 1868లో అమెరికాకు వీసా లేదు, కోటా లేదు. యూరప్ నుంచి వచ్చినవాడిని నువ్వెవరు, ఎందుకొచ్చావు అని గట్టిగా అడిగే చట్టం లేదు. ఓడ టికెట్టు ఎగ్గొట్టడమే ఆయన చేసిన తప్పు. ఇప్పుడు ఏజెంటు మాట నమ్మి దొంగదారిలో సరిహద్దు దాటడం వేరు, దొంగ కాగితాలతో కాలేజీ అడ్మిషన్ తెచ్చుకోవడం వేరు. దొరికితే ఓడ కెప్టెన్ కాదు, ఇమిగ్రేషన్ కోర్టు మాట్లాడుతుంది. కూర్స్ కథలో మీరు అనుకరించకూడని భాగం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే.

ఆ తలుపు అందరికీ తెరిచి లేదు కూడా. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా చట్టం చేసింది. 1917 చట్టంతో మన దేశం సహా ఆసియాలో చాలా భాగాన్ని నిషేధ ప్రాంతంగా గీత గీసింది. భగత్‌సింగ్ తింద్ అనే భారతీయుడు పౌరసత్వం కోసం పోరాడితే, నువ్వు తెల్లవాడి లెక్కలోకి రావని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో ఏడాదికి వంద మంది భారతీయులకు దారి ఇచ్చారు. 1965 చట్టం తర్వాతే మనవాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లగలిగారు. కూర్స్ స్వయంకృషిని కాదనలేం. కానీ అంతే కృషి చేయగలిగిన ఇరవై ఒక్కేళ్ల తెలుగు కుర్రాడు అప్పుడు ఆ రేవులో దిగి ఉంటే అతని కథ ఇలా నడిచేది కాదు. ఆ సంగతి కూడా తెలిసి ఉండాలి.

కూలిపని నుంచి ఫోర్‌మన్ దాకా

1868 మే నెలాఖరుకు షికాగో చేరాడు. అయిదేళ్ల అనుభవం ఉన్న పనివాడు, అక్కడ మొదట దొరికింది కూలిపని. వేసవి వచ్చాక బ్రూవరీల్లో పని దొరికింది. మరుసటి ఏడాది ఆగస్టులో షికాగోకు పడమరన ఉన్న నేపర్‌విల్ అనే ఊళ్లో జాన్ స్టెంగర్ బ్రూవరీకి ఫోర్‌మన్ అయ్యాడు. స్టెంగర్లదీ జర్మనీ నుంచి వచ్చిన కుటుంబమే. ఇంగ్లిషు సరిగా రాని కుర్రాడికి ఇరవై రెండేళ్లకే ఫోర్‌మన్ ఉద్యోగం ఎలా వచ్చిందంటే, ఆ కార్ఖానాలో పని నడిచే భాషా, పద్ధతీ అతను డోర్ట్‌మండ్‌లో నేర్చుకున్నవే.

నేపర్‌విల్ పేరు మీలో కొందరు విని ఉంటారు. ఇప్పుడక్కడ మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సీనియర్ల ద్వారా, ఊరివాళ్ల ద్వారా మొదటి గదీ మొదటి ఉద్యోగమూ వెతుక్కోవడం జర్మన్లకు అప్పుడెంత అవసరమో మనవాళ్లకు ఇప్పుడంతే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తెలిసినవాళ్లు తలుపు దాకా తీసుకెళ్తారు. లోపల నిలబెట్టేది చేతిలో పని.

రెండున్నరేళ్లు చేసి 1872 జనవరిలో ఆ ఉద్యోగం వదిలేశాడు. పడమరకు, డెన్వర్‌కు వెళ్లాడు. అక్కడ మొదట చేసిన పని ఏమిటో తెలుసా? తోటమాలి. నిన్నటిదాకా ఫోర్‌మన్, ఇవాళ తోటలో గడ్డపార. చాలామందికి ఇక్కడే మనసు విరుగుతుంది. ‘టీమ్ లీడ్‌గా చేసి మళ్లీ కింద నుంచా’ అని రెండేళ్లు ఖాళీగా కూర్చున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. గడ్డపార పట్టడం గొప్పతనమని మేం అనడం లేదు. అద్దె కట్టాలి, ఊరు చూడాలి, దాచుకున్న డబ్బు కరగకూడదు. ఆయన లెక్క అంతే అయి ఉంటుంది.

1872 మే 1న, సీసాల్లో పానీయాలు నింపి అమ్మే ఒక చిన్న సంస్థలో వాటా కొన్నాడు. బీరు, సైడరు, వైను, సోడానీళ్లు. సొంత తయారీ కాదు, వేరేవాళ్ల సరుకు. ఆ ఏడాదే భాగస్వామి వాటా కూడా కొనేసి మొత్తం తానే చూసుకున్నాడు. మాకు ఈ జీవితంలో అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇదే. చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి గానీ ఆలోచించండి. తనకు వచ్చింది బీరు చేయడం. చేయడానికి పెట్టుబడి లేదు. అందుకని ముందు అమ్మే పనిలో దిగాడు. డెన్వర్‌లో ఎవరు ఏం తాగుతారు, ఏ దుకాణం డబ్బు సరిగా ఇస్తుంది, ఏది ఎగ్గొడుతుంది, ఏ సరుకు ఎంత దూరం వెళ్తే పాడవుతుంది, ఇవన్నీ ఏడాదిన్నర పాటు వేరేవాళ్ల బీరు మోస్తూ తెలుసుకున్నాడు.

పద్దెనిమిది వేలు, రెండు వేలు

డెన్వర్‌కు పడమరన పాతిక కిలోమీటర్ల లోపు దూరంలో గోల్డెన్ అనే ఊరుంది. పేరు చూసి బంగారం వల్ల వచ్చిందనుకుంటాం. నిజానికి థామస్ గోల్డెన్ అనే మనిషి పేరు మీద వచ్చింది. 1859లో కొలరాడోకు బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు పుట్టిన ఊరది. అంతకు కొద్ది ఏళ్ల ముందు దాకా ఆ నేల అరాపహో, చెయెన్, యూట్ తెగల వాళ్లది. కొండల మీంచి క్లియర్ క్రీక్ అనే ఏరు ఊళ్లోంచి పారుతుంది. పైన కొండల్లో గనులు, గనుల్లో వేలమంది కూలీలు, 1870కల్లా డెన్వర్ నుంచి రైలు. బీరుకు నీళ్లు, చలికాలపు మంచు, కొనేవాళ్లు, మోసే బండి, అన్నీ ఒక్కచోట. ఎవరో చెబితే తెలిసేది కాదిది. పదకొండేళ్లు అదే పనిలో ఉన్నవాడి కంటికే కనిపిస్తుంది.

ఏటి ఒడ్డున తోళ్లు పదును చేసే పాత కార్ఖానా ఒకటి మూతపడి ఉంది. 1873 నవంబరు 14న దాన్ని కొన్నారు. కొన్నారు అని ఎందుకన్నామంటే, కొన్నది ఇద్దరు. రెండోవాడు జేకబ్ షూలర్, డెన్వర్‌లో మిఠాయిల వ్యాపారి. పెట్టుబడిలో షూలర్‌ది 18 వేల డాలర్లు. కూర్స్‌ది 2 వేలు.

సొంత కాళ్ల మీద నిలబడ్డాడు అని చెప్పే కథల్లో ఈ అంకె తరచూ మాయమవుతుంది. పదింట తొమ్మిది వంతుల డబ్బు మరొకరిది. సంపన్న వ్యాపారి తన సొమ్ము తెచ్చి ఇరవై ఆరేళ్ల వలస కుర్రాడి చేతిలో ఎందుకు పోస్తాడు? మిఠాయి చేసేవాడికి బీరు చేయడం రాదు గనక. ఈ కుర్రాడికి వచ్చు గనక. పైగా అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరులో, జే కుక్ బ్యాంకు కుప్పకూలింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ పది రోజులు మూతపడింది. రైలుమార్గాల పనులు ఆగిపోయాయి. దేశమంతా ఏళ్ల తరబడి నడిచిన మాంద్యానికి అది మొదలు. మార్కెట్ బాగాలేదు, ఇప్పుడు వద్దులే అనుకోవడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. 1874 ఫిబ్రవరికల్లా వాళ్ల బీరు అమ్మకానికి వచ్చింది.

ఏడేళ్ల తర్వాత, 1880లో, షూలర్ వాటా కొనేసి బ్రూవరీకి తన పేరు పెట్టుకున్నాడు. అంతకు ముందేడే లూయిసా వెబర్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1862 నుంచి లెక్కేస్తే పద్దెనిమిదేళ్లు. ‘అయిదేళ్లలో’ అనే కథ ఓడ దిగిన రోజు నుంచి లెక్కపెడుతుంది, అంతే తేడా.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆ కాగితం దగ్గరికి వద్దాం. మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961 నుంచే ఉంది. ఇంజినీరింగ్, డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్లకు నాట్స్ పేరుతో కేంద్రం పథకం ఉంది. స్టైపెండ్‌లో కొంత భాగం ప్రభుత్వమే భరిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల వ్యవహారాలూ చూసే బోర్డు చెన్నైలో ఉంది. ఆఖర్న సర్టిఫికెట్ ఇస్తారు. ఉద్యోగం ఇస్తామని మాట మాత్రం ఇవ్వరు. ఇవన్నీ తెలిసిన విషయాలే. చేరేముందు మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. నన్ను ఏ సెక్షన్‌లో వేస్తారు? ఏడాదంతా ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారా, అన్ని విభాగాలూ తిప్పుతారా? పని నేర్పే సీనియర్ ఎవరు? నిరుడు చేరినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు? వీలైతే ఆ నిరుటి వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్లు చెప్పే అయిదు నిమిషాలు బ్రోషర్ మొత్తం కన్నా విలువైనవి. జిరాక్సులు తీయించడానికీ టీలు మోయించడానికీ మనుషులు కావాలనుకునే చోట్లు కూడా అప్రెంటిస్ అనే మాటే వాడతాయి. అలాంటి చోటు వదిలేస్తే మీకు నష్టం లేదు.

కూర్స్ ఫీజు కట్టాడు కదా, మేమూ లక్ష కట్టి జాబ్ గ్యారంటీ కోర్సులో చేరతాం అంటారేమో. ఆయన ఫీజు కట్టింది రోజూ బీరు తయారై, బజార్లో అమ్ముడయ్యే కార్ఖానాకు. అక్కడ తప్పు చేస్తే సరుకు పోతుంది, యజమాని అరుస్తాడు. ఆ అరుపులోనే నేర్పు ఉంది. అమీర్‌పేటలో నిజంగా పని నేర్పే కోచింగులూ ఉన్నాయి, వాటిలో చదివి నిలదొక్కుకున్నవాళ్లు వేలమంది. కానీ దొంగ అనుభవం సర్టిఫికెట్ చేతిలో పెట్టి బ్యాక్‌డోర్ అంటూ డబ్బు అడిగేవాడి దగ్గర కొనేది విద్య కాదు. మూడో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అప్పుడు అది బయటపడుతుంది.

చట్టం ఒక్క రోజులో మూసేస్తే

ఇక్కడితో ఆపేస్తే ఇదీ మామూలు విజయగాథే అవుతుంది. అసలు పరీక్ష ఆయన అరవై ఎనిమిదో ఏట వచ్చింది.

కొలరాడోలో ఆడవాళ్లకు 1893లోనే ఓటు హక్కు వచ్చింది. సారా వల్ల కొంపలు కూలిపోతున్నాయని దేశమంతా ఆడవాళ్లు ఏళ్లుగా ఉద్యమం చేస్తున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి నడిచిన సంగతి మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం దాని ఫలితమే. ఆ పోరాటంలో న్యాయం ఎంతో మనకు తెలుసు, అక్కడా అంతే. 1914 నవంబరులో కొలరాడో ఓటర్లు నిషేధానికి ఓటేశారు. 1916 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో బీరు తయారీ నేరం. నాలుగేళ్ల తర్వాత దేశమంతటా నేరమైంది.

పదిహేనో ఏట నేర్చుకున్న పని, యాభై ఏళ్లకు పైగా చేసిన పని, ఒక పొద్దున లేచేసరికి చట్టవిరుద్ధం. ఇవాళ ఏఐ వస్తే నేను నేర్చిన కోడింగు ఏమైపోతుందని మీరు అడిగే ప్రశ్నకు ఇంతకన్నా కటువైన రూపం ఉండదు. మెషీను వస్తే పని తగ్గుతుంది. ఇక్కడ పనినే నిషేధించారు.

చాలా బ్రూవరీలు తలుపులకు తాళాలేశాయి. కూర్స్ కుటుంబం తమ దగ్గర ఇంకేం ఉందో చూసుకుంది. మాల్ట్ చేయడం ఉంది. మాల్ట్‌లో ఆల్కహాల్ ఉండదు. దాన్ని పాలతో కలిపి ఆరబెట్టి పొడిచేస్తే మాల్టెడ్ మిల్క్. మన ఇళ్లలో జ్వరం వచ్చినవాళ్లకు కలిపిచ్చే హార్లిక్స్ సరిగ్గా ఇదే జాతి. దాన్ని కనిపెట్టిన హార్లిక్ సోదరులు కూడా అమెరికాకు వలస వెళ్లినవాళ్లే, ఇంగ్లండ్ నుంచి. రాజమండ్రి దగ్గర హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉన్న సంగతి గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. గోల్డెన్‌లో బీరు ఆగిన చోట ఈ పాలపొడి మొదలైంది. మిఠాయి కంపెనీలు కొనుక్కునేవి.

రెండోది పింగాణీ. 1910లో జాన్ హెరాల్డ్ అనే కుమ్మరి పనివాడు కూర్స్‌కు చెందిన పాత గాజు కార్ఖానాలో పింగాణీ చేయడం మొదలుపెట్టాడు. ఊరి చుట్టూ అందుకు పనికొచ్చే మట్టి ఉంది. తర్వాత ఆ కార్ఖానా కూర్స్ కుటుంబం చేతికి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ నుంచి ప్రయోగశాలల పింగాణీ రావడం ఆగిపోయింది. అమెరికా కెమిస్ట్రీ ల్యాబులకు మూసలూ, గిన్నెలూ లేకుండా పోయాయి. జర్మనీ సరుకు ఆగిపోతే ఆ లోటును జర్మనీ నుంచి వచ్చినవాడి ఊరే పూడ్చింది. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లు ల్యాబులో బర్నర్ మీద పెట్టే తెల్లటి క్రూసిబుల్ చూస్తారు కదా, ఆ రకం సామాను. ఆ కంపెనీ ఇప్పటికీ కూర్స్‌టెక్ పేరుతో సిరామిక్ భాగాలు తయారుచేస్తోంది.

ఒకటి గమనించండి. ఈ రెండింటిలో ఏదీ నిషేధం వచ్చాక గాల్లోంచి ఊడిపడలేదు. మాల్ట్ చేయడం బీరులో ఒక భాగం. పింగాణీకి చోటిచ్చింది నిషేధానికి ఆరేళ్ల ముందు. పెద్దపని చేస్తున్నప్పుడే పక్కన ఉన్న చిన్నపనుల్ని విడివిడిగా గుర్తించగలగడం ఆయనకు పనికొచ్చింది. డోర్ట్‌మండ్‌లో ఖర్చుల్ని విడివిడిగా రాసిన కుర్రాడికి అది అలవాటై ఉంటుందని మా ఊహ. మీ పని కూడా అలా విడదీసి చూడండి. జావా డెవలపర్ అని ఒక్క మాటలో రాసుకున్న రెజ్యూమెలో డేటాబేస్ సరిచేయడం, క్లయింటుతో మాట్లాడటం, కొత్తవాళ్లకు నేర్పడం, అర్ధరాత్రి సర్వర్ ఆగితే కారణం వెతకడం అన్నీ దాగి ఉంటాయి. జావా పోయినా వాటిలో కొన్ని పోవు.

ఆయన చివరి రోజులు మాత్రం ఇంత సంతృప్తిగా ముగియలేదు. పాలపొడీ పింగాణీ కుటుంబాన్ని నిలబెట్టాయి గానీ బీరు మళ్లీ మొదలవడం ఆయన చూడలేదు. 1929 జూన్ 5న వర్జీనియా బీచ్‌లో ఒక హోటల్ ఆరో అంతస్తు కిటికీ నుంచి కిందపడి చనిపోయాడు. ఎనభై రెండేళ్లు. విజయగాథలు రాసేవాళ్లు ఈ వాక్యాన్ని వదిలేస్తారు. మేం వదలదలచుకోలేదు. పనీ, డబ్బూ, పేరూ ఒక మనిషి లోపలి సంగతులన్నిటికీ జవాబు కావు. ఉద్యోగం రాలేదని లోపల కుమిలిపోతున్నవాళ్లూ, వచ్చినా కుమిలిపోతున్నవాళ్లూ ఇంట్లో ఎవరితోనైనా, ఫ్రెండుతోనైనా నోరు విప్పి చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

1933లో నిషేధం ఎత్తేశారు. దేశంలో వందల బ్రూవరీలు అప్పటికి శిథిలాలు. గోల్డెన్‌లో ఆయన కొడుకులు పదిహేడేళ్ల తర్వాత అదే ఏటి ఒడ్డున మళ్లీ బీరు దింపారు. మాల్ట్ చేయడం ఎవరూ మర్చిపోలేదు. పాలపొడి కోసం బార్లీ మొలకెత్తుతూనే ఉంది.